పిల్లాడికి చిన్నదైపోయిన గుర్రం: ఎంతకు అమ్మితే న్యాయం?

ఈసారి జీవామృతం గురించి కాదు, ఆచ్ఛాదన గురించి కాదు, ఒక గుర్రం ధర గురించి రాస్తున్నాను. మన వీడియోలు చూసేవాళ్ళకు వెనకాల గట్టు మీద మేస్తూ కనిపించే బెల్లం రంగు పొట్టి గుర్రం గుర్తుండే ఉంటుంది. దాని పేరు కూడా బెల్లమే. పోయిన నెలలో దాన్ని అమ్మేశాం. "ఎంతకు పోయిందన్నా?" అని ఊళ్ళో అడగని మనిషి లేడు. 42,000 కు పోయింది. దానికి 72,000 ఇస్తానన్న మనిషిని కాదని ఇచ్చాం. పిచ్చోడు అన్నవాళ్ళు ఉన్నారు, పుణ్యాత్ముడు అన్నవాళ్ళూ ఉన్నారు. నేను రెండూ కాదు. అది కూర్చుని లెక్క వేస్తే వచ్చిన ధర. ఆ లెక్క ఏందో చెప్తాను.

మనవాళ్ళలో కొందరు ఇంట్లో పిల్లల కోసమో, పొలం చూడటానికి వచ్చే బడి పిల్లల కోసమో ఒక పొట్టి గుర్రాన్ని పెట్టుకుంటున్నారు. కొనేటప్పుడు ఎంత పెట్టాలి, ఎక్కడ కొనాలి అని పదిమందిని అడుగుతారు. పిల్లాడు పెరుగుతాడు, గుర్రం పెరగదు అన్న సంగతి ఐదారేళ్ళ తర్వాత గాని ముందుకు రాదు. అప్పుడు ధర చెప్పమంటే నోరు పెగలదు. ఆవు అయితే పాలు చూసి, ఈత చూసి చెప్తాం. ఎద్దు అయితే అరక చూసి చెప్తాం. పిల్లాడు నీళ్ళు తాపి, తోమి, ఎక్కి తిరిగిన గుర్రానికి ఏం చూసి చెప్పాలి?

బరువే అసలు కారణం

మా బాబుకు ఐదేళ్ళప్పుడు కొన్నాం. అప్పటికి దానికి ఆరేళ్ళు. ఇప్పుడు వాడికి పదకొండు, దానికి పన్నెండు. వాడు ఎక్కితే కాళ్ళు దాని పొట్ట కిందికి వేలాడుతున్నాయి, చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. కాళ్ళు వేలాడటం పెద్ద సమస్య కాదు. బరువు సమస్య.

గుర్రం మోసే బరువు దాని ఒంటి బరువులో 20 శాతం దాటొద్దు అన్నది చాలాచోట్ల వాడే లెక్క. అందులో పిల్లాడి బరువు, జీను బరువు రెండూ కలపాలి. మరి గుర్రాన్ని తూచడం ఎట్లా? కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ కొలవండి. భుజం ముందు ఎముక నుంచి తుంటి చివర దాకా పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11,880 తో భాగిస్తే కిలోలు వస్తాయి. బెల్లం చుట్టుకొలత 130, పొడవు 125. లెక్క వేస్తే దాదాపు 178 కిలోలు. అందులో 20 శాతం అంటే 35 కిలోల చిల్లర. మా వాడు ఒక్కడే 34 ఉన్నాడు. జీను 4 కిలోలు. అంటే అప్పటికే గీత దాటాం. కొలిచే పద్ధతి కింద వీడియోలో నిదానంగా చూపించాను, గుర్రం నిలబడే చోటు చదునుగా ఉండాలి, అది గుర్తు పెట్టుకోండి.

ఈ ఒక్క లెక్కే తర్వాత ధర దగ్గర మాకు ఎక్కువ పనికొచ్చింది.

పెట్టిన ఖర్చు ధర కాదు

మా మేనమామ మొదటి రోజే అన్నాడు, "కొన్నది 40,000. ఆరేళ్ళు మేపినవ్. అన్నీ కలుపు, లక్షన్నర పైన చెప్పు" అని. లెక్కకైతే నిజమే. చొప్ప, ఉలవలు కలిపి రోజుకు 56 రూపాయలు పడేది. నెలకు 1,700, ఏడాదికి 20,000 పైన. నెలన్నరకోసారి గిట్టలు చెక్కించాలి, మనిషి వచ్చిపోవడానికి 600. నట్టల మందు, ధనుర్వాతం టీకా, ఉప్పు రాయి, పగ్గాలు అన్నీ కలిపితే ఏడాదికి 30,000 దాకా అయ్యేది. ఆరేళ్ళకు 1,80,000.

కానీ ఆ ఆరేళ్ళు దాన్ని వాడుకుంది ఎవరు? మేమే. మా బాబు నడక నేర్చినట్టు దాని మీద సవారీ నేర్చాడు. పొలం చూడటానికి వచ్చిన పిల్లలు ముందు దాని దగ్గరికే పరుగెత్తేవాళ్ళు, మా బెండకాయలు తర్వాతే. ఆ ఖర్చుకు పని అప్పుడే జరిగిపోయింది. పదేళ్ళు తోలిన ట్రాక్టర్ అమ్మేటప్పుడు పోసిన డీజిల్ అంతా ధరలో కలిపితే ఎవరైనా కొంటారా? జంతువు దగ్గరికి వచ్చేసరికి మనకు ఆ తేడా కనపడదు, ఎందుకంటే మేపడంలో మన ప్రేమ కూడా కలిసి ఉంటుంది. ప్రేమకు ధర కట్టి కొనేవాడి మీద వెయ్యడం న్యాయం కాదు.

అయితే ఈ ఏడాది ఖర్చు కాగితం పారేయొద్దు. అది అమ్మేవాడికి కాదు, కొనేవాడికి కావాలి. ఆ సంగతి కిందికి వస్తాను.

మూడు బేరాలు

అమ్ముతున్నాం అని తెలిసిన వారంలోనే మూడు మాటలు వచ్చాయి.

మొదటిది ఇటుక బట్టీ దగ్గర బండ్లు తోలించే ఆయన. 18,000 అన్నాడు. ఎన్నడూ బండి కట్టని జంతువుకు, పన్నెండో ఏట కాడి అలవాటు చేసి ఇటుకలు లాగిస్తానంటే కుదరదని చెప్పేశాం.

రెండోది మా దగ్గరి చుట్టం. "పిల్లాడి గుర్రానికి డబ్బులేంది, ఊరికే ఇచ్చేయ్, ఏదన్నా గోశాలలో వదిలేయ్" అని. మంచి మనసుతోనే అన్నాడు. కానీ గోశాలలో ఆవులకు ఉన్న ఏర్పాట్లు గుర్రానికి సరిపోవు. గిట్ట చెక్కే మనిషి కావాలి, దాణా వేరే ఉండాలి. ఇంకో సంగతి, ఊరికే వచ్చిన జంతువు ఊరికే చేతులు మారుతుంది. ఇవాళ ఇచ్చిన చోటే అది ఆరు నెలల తర్వాత ఉంటుందని చెప్పలేం. కొనేవాడు తన జేబులోంచి కొంత పెడితేనే గిట్టల మనిషిని కూడా పిలుస్తాడు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళు ఉండొచ్చు.

మూడోది 72,000 బేరం. పట్నంలో పుట్టినరోజు పార్టీలకు, ఎగ్జిబిషన్లకు, బరాత్‌లకు గుర్రాలు తిప్పే మనిషి. మాట మంచిగా ఉంది, దాపరికం లేదు. తన గుర్రాల ఫోటోలు చూపించాడు, అవి బాగానే ఉన్నాయి. "సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా పని. రౌండుకు 50 రూపాయలు. పిల్లలే కాదన్నా, ఫోటో కోసం పెద్దోళ్ళు కూడా ఎక్కుతరు" అన్నాడు. నేను టేపు లెక్క చెప్పాను. బెల్లం మోయగలిగేది 35 కిలోలు. అది కూడా ఏడు గంటలు వరుసగా కాదు. పైగా దానికి జనరేటర్ చప్పుడు పడదు, టపాకాయలు అసలే పడవు. మా ఊళ్ళో బోనాల డప్పులకే కట్టుగొయ్య పీకేసి ఉరికింది ఒకసారి.

ఆయన ఇచ్చే 72,000 తప్పుడు ధర కాదు. ఆ పని చెయ్యగలిగే గుర్రానికి అది ధరే. బెల్లం చెయ్యలేని పనికి ఆయన ధర కడుతున్నాడు, అంతే. ఆ పైన 30,000 ఎక్కడి నుంచి వస్తుంది? నా పెంపకం నుంచి కాదు, ఆయన జేబు నుంచి కూడా కాదు. రాత్రి పది గంటలప్పుడు దాని వెన్ను నుంచి, కాళ్ళ నుంచి వసూలు కావాలి. అట్లా వసూలు కాకపోతే ఆయన నష్టపోతాడు. రెండిట్లో ఏది జరిగినా నేను అమ్మింది న్యాయమైన బేరం కాదు. ఇదే మాట ఆయనతో అన్నాను. కాసేపు ఆలోచించి, "నాకు 14 హ్యాండ్స్ గుర్రం కావాలె, నువ్వు చెప్పింది నిజమే" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

గుర్రం ఎత్తును హ్యాండ్స్‌లో చెప్తారు. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. వీపు, మెడ కలిసే గూడు దగ్గర కొలుస్తారు. మామూలుగా 14 హ్యాండ్స్ 2 అంగుళాల లోపు ఉంటే పోనీ అంటారు. బెల్లం 11 హ్యాండ్స్ 1 అంగుళం, అంటే 45 అంగుళాలు.

చెప్పిన ధర కాదు, తెగిన ధర

మరి మార్కెట్ ధర ఎట్లా తెలుస్తుంది? మన వైపు పశువుల అంగళ్ళు ఉన్నాయి గాని పొట్టి గుర్రాలు నాలుగు ఒక్కచోట దొరకవు. అందుకే డిసెంబరులో నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా యాత్రకు పోయాను. గుర్రాలు, గాడిదలు, పశువులకు అది పేరున్న అంగడి. సంగారెడ్డి వైపు నుంచి పోయిరావడానికి అనువే. రెండు రోజులు అక్కడే తిరిగాను.

అంగట్లో వినపడే ధరలు రాసుకోవద్దు. 60,000 అని అరిచిన గుర్రం ఎంతకు తెగిందో అదే మనకు కావాలి. బేరం తువాల కింద వేళ్ళ మీద జరుగుతుంది కాబట్టి పక్కన నిలబడ్డా తెలియదు. బేరం అయిపోయి పగ్గం చేతులు మారాక, కొన్నాయనకు టీ ఇప్పించి అడిగితే చెప్తాడు. సంతోషంలో ఉంటాడు కదా. బెల్లం ఎత్తులోనే ఉన్న మూడేళ్ళ పిల్ల గుర్రాలు, ఇంకా ఎవరూ ఎక్కనివి, మూడు చూశాను. 45,000, 50,000 చెప్పినవి 32,000 నుంచి 36,000 మధ్య తెగాయి. ఎక్కనిచ్చే గుర్రం, ఎనిమిదేళ్ళది ఒకటి, 60,000 చెప్పి 48,000 కు తెగింది. నా లెక్కకు ఆ 48,000 మొదలు. ఇవి ఒక్క యాత్రలో నేను చూసినవి మాత్రమే. మీరు కొనేటప్పుడు మీ అంగడిలో మీరే రాసుకోవాలి.

పళ్ళు, గిట్టలు, సుడులు

ఎనిమిదేళ్ళ గుర్రానికీ పన్నెండేళ్ళ గుర్రానికీ తేడా ఎంత? ముందు వయసు నిజమో కాదో చూడాలి. మన పశువులకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు, కింద పళ్ళు చూసి రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అంటాం. గుర్రానికి పైనా కిందా ఉంటాయి. పాల పళ్ళు రాలి నడిమి జత రెండున్నరేళ్ళకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు వస్తాయి. ఐదేళ్ళకు నోరు నిండుతుంది. ఆ తర్వాత పై దవడ చివరి పంటి మీద, చిగురు దగ్గర ఒక గీత పదేళ్ళ ప్రాంతంలో మొదలవుతుంది. పదిహేనేళ్ళకు అది పంటి సగం దాకా, ఇరవై ఏళ్ళకు చివర దాకా దిగుతుంది. ఏడాదికి ఏడాది సరిగ్గా సరిపోదు గాని, పదహారేళ్ళ గుర్రాన్ని ఎనిమిది అని అమ్మేవాడిని పట్టుకోవడానికి చాలు. బెల్లం పంటి మీద గీత అప్పుడే కనపడటం మొదలైంది. కొనడానికి వచ్చినవాళ్ళకు నోరు తెరిచి నేనే చూపించాను.

వయసుకు ఎంత తగ్గించాలి అన్న దగ్గర నాకు, మా ఆవిడకు రెండు రోజులు వాదన. మంచిగా చూసుకుంటే పొట్టి గుర్రాలు పాతికేళ్ళు దాటి కూడా బతుకుతాయి. ఆరేళ్ళ పిల్ల కోసం కొంటే ఆ పిల్లకు పన్నెండేళ్ళు వచ్చేదాకా ఇది నిక్షేపంగా పనిచేస్తుంది. మరి తగ్గించడం ఎందుకు అని నేను. "మనం అమ్ముతున్నట్టు వాళ్ళు అమ్మలేరు కదా" అని ఆమె. ఆ మాట నిజం. నేను ఆరేళ్ళు వాడి 42,000 తీసుకుంటున్నాను. వాళ్ళు ఆరేళ్ళు వాడేసరికి దానికి పద్దెనిమిది, అప్పుడు పైసా రాదు. పైగా ముసలితనంలో మేపే బాధ్యత వాళ్ళదే. అందుకు 10,000 తగ్గించాం.

గిట్టల సంగతి. వెనక ఎడమ గిట్టకు నిలువుగా సన్నని చీలిక ఉంది. నడకకు అడ్డం రాదు, కుంటదు. కానీ అది కిందికి పెరిగి పోయేదాకా నెలన్నరకు బదులు నెలకోసారి చెక్కించాలి. ఏడాదికి నాలుగైదు సార్లు ఎక్కువ, దానికి గిట్ట మందు. 4,000 తగ్గించాం. ఏ లోపమైనా సరే, "కొంచెం తగ్గించి ఇస్తా" అనకుండా దాన్ని సరిచేయడానికి ఎంత అవుతుందో అంత తగ్గించండి. కొనేవాడికి కూడా ధైర్యం వస్తుంది.

ఇక సుడులు. గుర్రం అయినా ఎద్దు అయినా మన దగ్గర సుడి చూడకుండా బేరం కాదు. బెల్లం మెడ మీద ఒక సుడి ఉంది, అది చూసి ఒక బ్రోకర్ 5,000 కొట్టెయ్యమన్నాడు. సుడితో నడక మారదు, బుద్ధి మారదు. నేను పైసా తగ్గించలేదు. కానీ దాచలేదు కూడా. మనం నమ్మకపోయినా రేపు వాళ్ళు అమ్మాల్సి వస్తే అంగడి నమ్ముతుంది, ఆ సంగతి వాళ్ళకు ముందే తెలియాలి.

48,000 లోంచి 14,000 పోతే 34,000. మరి పైన 8,000 ఎందుకు కలిపాను? మాళేగావ్‌లో చూసిన ఎనిమిదేళ్ళ గుర్రం ఎక్కనిస్తుంది, అది కూడా పెద్ద మనిషి పగ్గం పట్టుకుని ఉంటేనే. బెల్లం దగ్గరికి ఆరేళ్ళ పిల్ల ఒక్కతే పోయి పగ్గం వేసి తీసుకురావచ్చు. కాలు ఎత్తమంటే ఎత్తుతుంది. మీద నుంచి పిల్ల జారితే నిలబడిపోతుంది, ఉరకదు. ఆరేళ్ళలో ఎన్ని వందలమంది పిల్లలు దాని తోక దగ్గర తిరిగారో, ఒక్కసారి కాలు విసరలేదు. ఇది కొలిచే టేపు లేదు. 8,000 అన్నది నా అంచనా. కొనేవాళ్ళు పది రోజులు వాళ్ళ ఇంట్లో పెట్టుకుని చూసి, ఒప్పుకుంటేనే ఇవ్వాలని అనుకున్నాం.

జీను, కళ్ళెం ధరలో కలపలేదు. కొత్తప్పుడు పెట్టినదానికి సగం, 5,000 విడిగా చెప్పాం. అన్నీ కలిపి ఒకే అంకె చెప్తే ఏ వస్తువుకు ఎంతో ఎవరికీ తెలియదు, బేరం ఎక్కడ ఆడాలో కూడా తెలియదు.

బాబు రాసిన కాగితం

కొన్నది కూరగాయలు ప్రకృతి పద్ధతిలో పండించే జంట. మాకు 40 కిలోమీటర్ల దూరం. పాపకు ఆరేళ్ళు, 19 కిలోలు. వచ్చేటప్పుడు ఫోన్ చేయకుండా, పొద్దున్నే రమ్మన్నాను. అమ్మేవాళ్ళు ముందు రోజు బాగా పరిగెత్తించి అలసిపోయేటట్టు చేసో, మత్తు మందు ఇచ్చో "ఎంత సాధువో చూడండి" అని చూపించడం ఉంది. పాలు పిండకుండా పొదుగు నింపి అంగడికి తెచ్చినట్టే. చెప్పకుండా వచ్చి, గట్టు మీద మేసే గుర్రాన్ని పట్టుకురమ్మంటే నిజం తెలుస్తుంది.

అమ్ముతున్నాం అన్నప్పుడు మా బాబు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "దాని గురించి వాళ్ళకు ఏం తెలుసు?" అన్నాడు. రాసివ్వు అన్నాను. నోటుబుక్కులో ఒక పేజీ రాశాడు. నీళ్ళ గుంట దాటదు, చుట్టూ తిప్పి తీసుకుపోవాలి. జీను పట్టీ గట్టిగా లాగితే కొరకడానికి వస్తుంది, రెండుసార్లుగా బిగించాలి. కుడి చెవి ముట్టుకోనివ్వదు. గొడుగు చూస్తే బెదురుతుంది. బైకు చప్పుడుకు పరవాలేదు, జనరేటర్‌కు భయం. క్యారెట్ కంటే ఉలవ గుగ్గిళ్ళు ఇష్టం. ఇట్లా పదకొండు సంగతులు. అందులో తొమ్మిది నాకు తెలుసు. గొడుగు, కుడి చెవి నాకూ కొత్తే.

కొనేటాయన ముందు 30,000 దగ్గర మొదలుపెట్టాడు. నేను నా లెక్క కాగితం ముందు పెట్టాను, 48,000 నుంచి 42,000 దాకా. ఆయన ఒక్కో అంకె మీద ప్రశ్నలు వేశాడు. గిట్ట చూశాడు. తర్వాత బాబు కాగితం చదివి, "తమ్ముడూ, ఇంకేమన్నా రాయడం మర్చిపోయినవా?" అన్నాడు. "రాత్రి ఒక్కతి ఉండదు అంకుల్, అరుస్తది. పక్కన ఆవునన్నా కట్టాలె" అన్నాడు వీడు. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా కడితే బెంగ పడుతుంది. వాళ్ళకు రెండు ఆవులున్నాయి. బేరం అక్కడితో ఆగిపోయింది. 42,000 కు మళ్ళీ ఆయన నోట తగ్గింపు మాట రాలేదు. లోపాలు మొత్తం ముందే చెప్పేస్తే బేరం ఆడటానికి మిగిలేది తక్కువ.

ధరతో పాటు ఇవ్వాల్సినవి

ఏడాదికి 30,000 ఖర్చు అని కాగితం మీద రాసిచ్చాను. కొనే ధర ఒక్కసారి పోతుంది, మేపే ఖర్చు ప్రతి ఏడాదీ ఉంటుంది. 5,000 తగ్గింది కదా అని కొని మేపలేకపోతే అది చవక బేరం కాదు. వాళ్ళకు గట్లు ఉన్నాయి, చొప్ప ఇంట్లోదే, వాళ్ళకు సగం కూడా కాకపోవచ్చు.

మేత గురించి మన పశువుల అలవాట్లు గుర్రానికి పనికిరావు అని ముఖ్యంగా చెప్పాను. తవుడు ఎక్కువ పెడితే దానిలో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ, ఎముకలు దెబ్బతింటాయి, ముఖం ఎముక ఉబ్బిపోతుంది. నేపియర్ లాంటి కొన్ని గడ్డుల్లో ఆక్సలేట్ ఉండి సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు, రోజూ అదే పెడితే ఇదే జబ్బు. కోళ్ళ దాణా, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకు ఏం కాదు, గుర్రానికి కొద్దిగా పోయినా గుండె దెబ్బతిని చచ్చిపోతుంది. అందుకే కొత్త చోట దాణా బస్తా మూత గట్టిగా ఉండాలి. మేత ఒక్కసారి మార్చినా కడుపునొప్పి వస్తుంది కాబట్టి పది రోజులకు సరిపడా మా చొప్ప, ఉలవలు బస్తాల్లో పెట్టి పంపాం, వాళ్ళ మేత కొంచెం కొంచెం కలుపుకుంటూ మార్చమని.

రక్త పరీక్ష కూడా ధరలో భాగమే. గ్లాండర్స్ అని గుర్రాలకు, గాడిదలకు వచ్చే జబ్బు ఉంది, మనుషులకు కూడా అంటుతుంది. దానికి మందు ఇచ్చి ఉంచుకునే పద్ధతి లేదు, తేలితే జంతువును తీసేయాల్సిందే. పశువుల డాక్టరు గారితో రక్తం తీయించి పరీక్షకు పంపించాం, హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలకు పెద్ద దిక్కు. ఏమీ లేదని వచ్చిన కాగితం చేతికి వచ్చాకే వాళ్ళను రమ్మన్నాం. బండిలో ఎక్కించే రోజు ప్రయాణానికి పనికొస్తుంది అని డాక్టరు సర్టిఫికెట్ కూడా ఉండాలి, 1978 నాటి జంతు రవాణా నియమాలు అదే చెప్తాయి. దారిలో ఎవరైనా ఆపితే ఇదే అడుగుతారు.

పది రోజుల పరీక్షకు 5,000 అడ్వాన్స్ తీసుకున్నాం, నచ్చకపోతే తిరిగిచ్చేటట్టు. నాలుగో రోజు ఫోన్ వచ్చింది, కొట్టంలోకి పోవట్లేదని. కొట్టం గుమ్మం ముందు నీళ్ళు నిలిచి ఉన్నాయి. బాబు కాగితంలో మొదటి మాటే అది. మట్టి పోశాక పోయింది.

పదో రోజు మిగతా డబ్బు ఇచ్చేటప్పుడు ఒక కాగితం రాసుకున్నాం. వయసు, రంగు, గుర్తులు, గిట్ట చీలిక, పరీక్ష ఫలితం, ధర, తేదీ. కింద ఒక షరతు, మళ్ళీ అమ్మాలన్నా, మేపలేకపోయినా ముందు మాకే చెప్పాలి, ఆ రోజు అంగడి ధరకు కొనే హక్కు మాది. 42,000 కు తీసుకుని 72,000 ఆయనకు అమ్మితే 30,000 లాభం కదా అని మీరు అనొచ్చు. కాగితం ఒక్కటే దాన్ని ఆపలేదు. అందుకే దూరం 40 కిలోమీటర్లు దాటొద్దు అనుకున్నాం, మన పద్ధతిలో సాగు చేసేవాళ్ళయితే నెలకోసారి ఎక్కడో ఒకచోట కలుస్తాం అనుకున్నాం. కొనేవాళ్ళను ఎంచుకోవడంలో అది కూడా చూశాం.

మా నాయన పట్టుబట్టి పగ్గం మాత్రం ఇవ్వనివ్వలేదు. పశువును అమ్మినా పగ్గం ఇంట్లోనే ఉండాలి అన్నది మా ఇంట్లో మొదటి నుంచి పద్ధతి. వాళ్ళు కొత్త పగ్గం తెచ్చుకున్నారు. మా బాబు వాళ్ళతో పాటు బండిలో పోయి, ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున వచ్చాడు. వచ్చాక ఒక్క మాటే అన్నాడు, "ఆ పిల్లకు పట్టీ బిగించడం రావట్లేదు, ఆదివారం మళ్ళీ పోవాలె" అని.

జీనుతో కలిపి 47,000 వచ్చాయి. ఆ డబ్బులో 40,000 పెట్టి దేవుని జాతి పెయ్య ఒకటి కొనబోతున్నాం, మా బీదర్ సరిహద్దు వైపు ఆ జాతికి మంచి పేరుంది. మిగతా 7,000 బాబు పేరు మీద వేశాం. ఇక లద్దె గురించి అడిగేవాళ్ళకు: జీవామృతంలో అది వేయం, దేశవాళీ ఆవు పేడే వేస్తాం. లద్దె తొందరగా వేడెక్కుతుంది, కలుపు విత్తనాలు అరగకుండా అందులోకి వస్తాయి, కాబట్టి కుప్ప వేసి బాగా మాగాకే పొలానికి. ఎత్తేటప్పుడు కాళ్ళకు పుండ్లు ఉంటే చెప్పులు లేకుండా తొక్కొద్దు, ధనుర్వాతం టీకా వేయించుకోండి. మా దగ్గర మిగిలిన కుప్పను ఎట్లా తిరగేస్తున్నామో వచ్చే వారం వీడియోలో చూపిస్తాను.